గానుగ సున్నం

లేదమ్మా, ఆ మాట నేనొప్పుకోను. వయసైపోయి పడిపోయిందని రాసిచ్చినాడా? నూటపన్నెండేండ్లు నిలబడిన మిద్దె, సరిగ్గా వాడికి లాడ్జి కట్టాలని బుద్ధి పుట్టినాక వయసైపోయిందా? మా మరిది నోట్లోంచి నిజం వచ్చిందంటే ఆ పొద్దు మెరీనా సముద్రంలో నీళ్ళు తాగొచ్చు.

రండి, లోపలికి రండి. చెప్పులు విప్పద్దు, వెనకంతా ఇటుకముక్కలే. ఫోన్లో మీరు తెలుగు మాట్లాడంగానే నాకు ప్రాణం లేచొచ్చింది. హైందవి అన్నారు కదా? రాజమండ్రా? సరి సరి. ఇంతకు ముందు మీ పాత ఇండ్ల కమిటీ నుంచి వచ్చినోళ్ళంతా అరవంలో అడిగినారు, నేనూ అరవంలోనే చెప్పినా. అరవం నాకు బాగానే వస్తాది, ఈడ పుట్టి ఈడ పెరిగినదాన్ని. కానీ తిట్టాలంటే మాత్రం తెలుగే కావాల.

నా పేరు మీరు అర్జీల్లో చూసే ఉంటారు. జయంతి. పద్దెనిమిది అర్జీలు పెట్టినా. నేనొస్తా ఉండానంటే మీ ఆఫీసులో టీ తాగేదానికి లేచిపోతారంట. పోనీ. తాగి మళ్ళీ రావాల్సిందే కదా.

ముందర అంగడిలో కూర్చోనుండాడే, తెల్ల చొక్కా, ఆయనే చిన్నబాబు. మా ఆయన తమ్ముడు. మీకు లేచి నమస్కారం పెట్టుంటాడు. మజ్జిగ తాగుతారా మేడమ్ అని అడిగుంటాడు. అడిగినాడా? నాకు తెలుసు. నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడమ్మా, ఆ మొహం చూసి ఎవురైనా మోసపోతారు.

ఈ ఇల్లు వాళ్ళ ముత్తాత కట్టింది. కాగితం వ్యాపారం వాళ్ళది. జార్జి టౌన్లో సగం పెండ్లి పత్రికలు మా రీముల మీదే అచ్చయ్యేవి. ముందు సగం తమ్ముడికి, వెనక సగం మా ఆయనకి. నోటిమాటగా పంచుకున్నారే గానీ పత్రం రాసుకోలేదు. ఇద్దరి సంతకాలు లేకుండా గోడకు మేకు కొట్టేదానికి లేదు.

దానిమీద పదేండ్ల కింద మీ కమిటీవోళ్ళొచ్చి, ఇది కాపాడాల్సిన ఇల్లు అని జాబితాలో చేర్చినారు. ఆ పొద్దు మా ఆయన సంతోషం చూడాల. వీధంతా మైసూర్‌పాకు పంచినాడు. మొగుడి పేరు చెప్పగూడదంటారు గానీ చెప్తా, వెంకట్రామ్. మీరిచ్చిన నిబంధనల్ని కూర్చోని తెలుగులో రాసుకున్నాడు. పొద్దున కాఫీ తాగేటప్పుడు నాకు చదివి వినిపించేవాడు, రామాయణం చదివినట్టు.

ఇప్పుడవన్నీ నాకు కంఠతా. అడగండి కావాలంటే. మరమ్మతు చేస్తే ఉన్న వస్తువుతోనే చెయ్యాల. సున్నం ఉన్నచోట సున్నం, టేకు ఉన్నచోట టేకు. కొత్తగా కట్టింది కొత్తదని తెలియాల, కానీ పాతదాన్ని మింగేయగూడదు. వీధిలో నిలబడి చూస్తే దాని ఎత్తు కనపడగూడదు. రేపెప్పుడైనా తీసేయాలంటే పాతగోడకు దెబ్బ తగలకుండా తీసే మాదిరి ఉండాల. సరిగ్గా చెప్పినానా? చూసినారా మరి.

ఇట్ట రండి. ఈ ముట్రం దాటితే, మీరు మండువా అంటారే అది, దాటితే వెనక గోడౌను. ఇదే చోటు. పైకి చూడండి. ఆకాశం కనపడతా ఉండాది కదా? ఆడ మిద్దె ఉండేది.

మా ఆయన ఆ రీము కట్టల పక్కన నిలబడుండాడు. పోయిన కార్తీకంలో. మూడు రోజులుగా వాన. భోంచేసి, చేతులు కడుక్కోని, కాగితం తడస్తాదేమో టార్పాలిన్ కప్పి వస్తా జయంతీ అని చెప్పి వచ్చినాడు. నేను ఆయన తిన్న ఆకు ఎత్తతా ఉండా. ఒక్కటే శబ్దం. లారీ సరుకు దింపినారేమో అనుకున్నా. ఈడ ఎప్పుడూ ఏదో ఒకటి దింపతానే ఉంటారు కదా, నేను తిరిగి కూడా చూడలేదు.

దూలం నేరుగా ఆయన మీదే పడింది. ఆస్పత్రి దాకా కూడా పోలేదు.

లేదు, నీళ్ళొద్దు నాకు. చెప్పనీండి.

ఇది వయసు గాదమ్మా. ఆరేండ్ల ముందు ఈ మిద్దె కారడం మొదలైంది. చిన్న పని. మంచి సున్నం మేస్త్రీ ఆనందన్ అని ఉండాడు, మా ఆయన ఆయన్ని పిలిపించి చూపించినాడు. మూడు దూలాలు మార్చాల, సన్న ఇటుకలు ఐమూలగా పేర్చాల, గానుగ సున్నం పొయ్యాల, ఆడోళ్ళు వరసగా కూర్చోని కొయ్య పలకలతో పదిరోజులు కొట్టాల, కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు చల్లుకుంటా. అంతే. మీ కమిటీ ఒప్పుకుంది. ఇంక కావాల్సిందల్లా మా మరిది సంతకం.

పెట్టలేదు.

సుమ్మా, ఊరికే ఒక సంతకం. ఇయ్యాల పెడతా, రేపు పెడతా. అమావాస్య అన్నాడు, అష్టమి అన్నాడు, ఆడిటర్ని అడగాలన్నాడు. ఒకసారి నేనే పోయి చేతులు పట్టుకోని అడిగినా. ఏమన్నాడో తెలుసా? "పాత ఇల్లు వదినా, దానంతట అదే పడిపోతే కమిటీ కూడా ఏం చెయ్యలేదు. ఓపిక పట్టండి" అన్నాడు. నవ్వుకుంటా అన్నాడు. పడనీ అని ఎదురుచూస్తా కూర్చున్నాడమ్మా వాడు. కింద సొంత అన్న కూర్చోనుండాడని తెలిసీ.

ఇంకొకటి చెప్తా. పదోదినం నాడు ఇంటి నిండా జనం. నా నుదుట బొట్టు చెరిపి గంట కూడా కాలేదు. వాడు చంకలో చుట్ట పెట్టుకోని వచ్చినాడు, కాగితం చుట్ట. ప్లానంట. వెనక్కి నాలుగంతస్తులు, లాడ్జి, లిఫ్టు. ఇల్లు కాలి ఒకడేడస్తా ఉంటే చుట్టకు నిప్పడిగినోడి కథ వినుండారా? మా ఇంట్లో కండ్లారా చూసినా. లిఫ్టు గుంత ఆడ గీసినాడు, మీరు నిలబడిన చోట. మా ఆయన పడిన చోట.

ఆ పొద్దు అనుకున్నా. నేనుండే దాకా వీడు ఈడ ఒక్క అడుగు పైకి లేపలేడు.

అవును, నాకు పగ ఉండాది. మీరు అడక్కముందే చెప్తా, దాచేదేం లేదు. గుంత తవ్వేదానికి మిషను తెచ్చిన పొద్దే మీ ఆఫీసుకు ఫోను కొట్టినా, మిషను తిరిగి పోయింది. ముందర గోడకు అద్దాలు బిగిస్తా ఉంటే ఫోటో తీసి పంపినా, ఊడబెరికించినారు. బోర్డుకు లైట్లు పెట్టినాడు, అదీ తీయించినా. వాడికి ఇప్పుడు నిద్ర పట్టదంట, వాళ్ళావిడ చెప్పింది. పట్టగూడదు.

వాడు జైలుకు పోవాలని నాకు లేదమ్మా. జైల్లో ఫ్యానుంటాది. వాడు ఈ మిద్దెను ఉన్నది ఉన్నట్టు కట్టాల. సున్నం పులియబెట్టి నెలలు కాసుకోవాల. కరక్కాయ కొనాల. ఆ ఆడోళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా టప్ టప్ మని కొడతా ఉంటే ఆ ముందర అంగడిలో కూర్చోని ఒక్కో దెబ్బా వినాల. పదిరోజులు. అయిపోయినాక చూస్తే లాడ్జీ లేదు, లిఫ్టూ లేదు, వాళ్ళ ముత్తాత కట్టిందే ఉండాల. అది చూసి నేను ఒక పూట కడుపునిండా అన్నం తినాల.

దానికి మీ కాగితంలో ఒక్క మాట చాలు. ఎందుకు పడింది? వయసైపోయి పడిందని రాస్తే వాడి ప్లాను పాసవతాది. ఓనరు చేసిన తప్పుకు పడిందని రాస్తే, ఎవురు చేసినారో వాళ్ళే తమ ఖర్చుతో కట్టాల. అట్టనే కదా రూలు? ఆఁ.

పైకి రండి, తప్పు చూపిస్తా. ఈ మెట్లు మా వంటింట్లోంచే, కొంచెం వంగి రండి. ఇదే మొట్టమాడి, మీరు డాబా అంటారే అది. పడిపోయింది పోగా మిగిలింది ఇదే. ఆ అంచు దగ్గరికి పోవద్దు. ఈడ, కాలితో తట్టి చూడండి.

సున్నం మాదిరి ఉండాదా? లేదు కదా. సిమెంటు. రెండంగుళాల మందం. నాలుగేండ్ల ముందు పూసినారు. మా ఆయన చెప్పేవాడు, సున్నం మిద్దెకు చెమట పడితే అదే ఆర్చుకుంటాది, దానిమీద సిమెంటు పూస్తే ముక్కూ నోరూ మూసినట్టే అని. పిట్టగోడ పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికి పోతాయి, పైకి వచ్చేదానికి దారుండదు. గోడలో ఉండే దూలం కొస తడిసి తడిసి పిండైపోతాది. కింద నుంచి చూస్తే బాగానే ఉంటాది. మేడమ్, మీకు నేను చెప్పాల్నా, మీరు చదువుకున్నదే ఇది.

ఎవురు పూయించినారంటే? ఇంకెవురు, చిన్నబాబే. మనలి నుంచి ధర్మలింగం అనే మేస్త్రీని తెచ్చినాడు. ఫ్యాక్టరీల కాంపౌండు గోడలు కట్టుకునేవాడు, సున్నం అంటే ఆకులో వేసుకునేది అనుకుంటాడు. మా ఆయన నెల్లూరికి పెండ్లికి పోయుండాడు, అది చూసుకోని, నేను వద్దన్నా వినకుండా రెండ్రోజుల్లో ముగించేసినారు. రాసుకోండి, ధర్మలింగం. నల్లగా, పొట్టిగా ఉంటాడు, ఎడమ చేత్తో తాపీ పడతాడు. మనిషి మాత్రం మంచోడే పాపం, ముల్లంగి సాంబారంటే ప్రాణం, మూడుసార్లు పోయించుకున్నాడు. రెండోరోజు పెరుగన్నంలోకి కూడా అదే కావాలన్నాడు.

ఏందమ్మా, రాయడం ఆపినారు?

అన్నం ఎవురు పెట్టినారా? అదీ... ఇంట్లో పనిచేసేవాడికి ఎవురైనా పెడతారు కదా. చిన్నబాబు తెచ్చిన మనిషే అయినా, ఆకలికి పగేముంది.

వద్దన్నదాన్ని మా వంటింట్లోంచి మెట్లెట్ట ఎక్కనిచ్చినానా?

కూర్చుంటానుండండి.

నువ్వు నా కూతురి వయసుదానివి. ఇంక మీరు గీరు వద్దు, నువ్వనే అంటా. రాసుకో. సిమెంటు పూయించింది చిన్నబాబు గాదు. నేను.

ఏం చెయ్యమంటావు? వాన పడిందంటే ఆయన ఆ రీముల మధ్య బకెట్లు పెట్టుకుంటా తిరిగేవాడు. తడిసిన కాగితం పక్కన కూర్చోని దగ్గేవాడు. వాడు సంతకం పెట్టడు, ఈయన సున్నం తప్ప ముట్టుకోనీడు. ఓపిక పట్టు జయంతీ, ఓపిక పట్టు జయంతీ. రెండేండ్లు పట్టినా. ఆయన నెల్లూరికి పోంగానే ధర్మలింగానికి ఫోను చేసినా. ఆయన వచ్చేసరికి కారడం ఆగిపోయుండాల, నవ్వాల, అంతే నేననుకున్నది.

నవ్వలేదు. పైకొచ్చి చూసి, ఇదో ఇట్టనే, ఈ చోటే కూలబడినాడు. ఎవురు చేసినారు అన్నాడు. ముప్పై ఏండ్ల కాపురంలో ఆయన నా మీద గొంతెత్తింది లేదు, ఆ పొద్దు ఆ గొంతు విని నాకు భయమేసింది. చిన్నబాబు అన్నా. నోట్లోంచి అట్ట వచ్చేసింది. నేను వద్దన్నా వినలేదు అని కూడా అన్నా.

ఇప్పుడు నీకు చెప్పిన అబద్ధం ఉండాదే, అది మొదట ఆయనకు చెప్పిందేనమ్మా. అందుకే అంత సులభంగా వచ్చింది.

అన్నదమ్ములు ముట్రంలో నిలబడి అరుచుకున్నారు. చిన్నబాబు వాళ్ళమ్మ మీద ఒట్టేసినాడు. ఆయన నమ్మలేదు. నన్ను నమ్మినాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. పీకించేస్తానని తిరిగినాడు ఆయన, దానికీ వాడి సంతకం కావాల, ఇంక వాడేం పెడతాడు? అట్ట ఆ సిమెంటు ఈడనే ఉండిపోయింది. దాని కింద దూలం కుళ్ళతానే ఉండింది. కారడం ఆగిపోయింది కదా, నేను మంచి పనే చేసినా అనుకుంటా తిరిగినా.

ఆ అరుపుల్లో వాడు ఒక్కసారి నా వైపు చూసినాడు. వాడికి తెలుసు. ఈ నాలుగేండ్లూ తెలుసు. అన్నకు చెప్పలేదు, పీనుగు లేచిన పొద్దు చెప్పలేదు, నీకూ చెప్పలేదు కదా? వయసైపోయి పడిందని రాసిచ్చినాడు. అది నన్ను దాచేదానికి రాసినాడా, లాడ్జి కోసం రాసినాడా నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు మంట. వాడి దయ నా నెత్తిన వద్దు. వాడు దయ చూపించినాడని రేపెవురైనా అంటే నేను బతకలేను.

కాబట్టి ఉన్నదున్నట్టు రాయి. ఆరేండ్లు సంతకం పెట్టనిది వాడు. సిమెంటు పూయించింది నేను. ఎవురు చేస్తే వాళ్ళు కట్టాలంటే ఇద్దరం కడతాం. నా గాజులున్నాయి, అంగడిలో నా వంతుంది, అమ్ముతా. ఆడోళ్ళ పక్కన కూర్చోని నేనూ ఒక పలక పట్టుకుంటా. వాడు ముందర కూర్చోని వింటాడు.

నీ పెన్ను పనిచేస్తా ఉండాదా? ఇద్దరి పేర్లూ రాయి. వాడిది పైన రాయి.