కంప్యూటరత్తయ్య తీర్చిన తగువు

ఫ్లాట్ల కింద ఒక గదిలో అందరికీ కలిపి ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు ఉన్నాయి. ఆ గది తాళంచెవి మొదటినుంచీ కంప్యూటరత్తయ్య దగ్గరే ఉంటుంది. ఎవరూ నేర్పకుండానే, పుస్తకాలు తిరగేసి ఆ యంత్రాన్ని మచ్చిక చేసుకున్న మనిషి. ఈమధ్య తలుపు బార్లా తీసి వెళ్ళిపోతోందని, అడిగిందే మళ్ళీ అడుగుతోందని ఫిర్యాదులొచ్చాయి. దాంతో తాళంచెవి తీసుకోవడానికి సెక్రటరీ వచ్చాడు. పరాయివాడేం కాదు, ఆవిడ మరిది కొడుకే. గది గుమ్మం ముందు బల్ల మీద ఆవిడ, పక్కన టీ తాగుతూ వాచీల కొట్టు పెద్దాయన, రేట్ల కాగితం ప్రింటు కోసం వచ్చిన దర్జీ అమ్మాయి.

"తాళంచెవి సంగతి తర్వాతరా. నాకు మతిమరుపంటున్నావు కదా, మొన్న నేనేం చేశానో విని అప్పుడను. యంత్రానికి అప్‌డేట్ పెట్టాను. నాకది టీ కాచుకున్నంత పని. పెట్టగానే కుదరదంది. ఎందుకంటావా, టైపు చేసే ప్రోగ్రామూ ప్రింటు తీసే ప్రోగ్రామూ తోడికోడళ్ళనుకో. ఇద్దరికీ కింద ఒకే అక్షరాల సామాను కావాలి. ఆవిడేమో కొత్త సామానైతేనే పనిచేస్తానంటుంది, ఈవిడేమో పాతది కదిపితే పుట్టింటికి పోతానంటుంది. రెండూ ఒకే ఇంట్లో ఇమడవు. ఇంకొకరైతే మూసేసి పోయేవాళ్ళు, నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను."

ఇంతవరకూ నమ్మొచ్చన్నాడు వాచీలాయన.

"నువ్వు నమ్మినా నమ్మకపోయినా జరిగింది జరిగిందే. పాత సామాను తీద్దామని పట్టుకున్నాను. దాన్ని పట్టుకుని ఇంకోటి, దాన్ని పట్టుకుని మరోటి, తీగ లాగుతున్నకొద్దీ వస్తూనే ఉంది. లాగాను, లాగాను, మన గది దాటి వీధిలోకొచ్చాను. అప్పుడు తెలిసింది, ఈ ఊళ్ళో యంత్రాలన్నీ ఆ సామాను మీదే నిలబడి ఉన్నాయని. మన లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. చౌరస్తాలో ఎర్రదీపం ఎర్రగానే ఉండిపోయింది. పైన విమానాలు దిగకుండా గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎందుకో తెలుసా? నేను అవుననే మీట నొక్కుతానా, కాదనే మీట నొక్కుతానా అని."

లిఫ్టులో ఆ రోజు తనే వచ్చానని, ఎక్కడా ఆగలేదని దర్జీ అమ్మాయి గొణిగింది.

"నువ్వు లోపలున్నావు, నీకెలా తెలుస్తుందే? బయటున్నవాళ్ళనడుగు. తర్వాత ఏమైందనుకున్నారు, యంత్రం లోపలి గడియారం కూడా ఆ తీగకే కట్టి ఉంది. అది జారింది. మధ్యాహ్నం మధ్యాహ్నంలాగే ఉండిపోయింది, నీడలు కదల్లేదు."

"నా కొట్టులో వాచీలు నడుస్తూనే ఉన్నాయమ్మా," అన్నాడు వాచీలాయన.

"నీ కొట్టుకొచ్చేవి ఎప్పుడు నడిచాయి గనక? ఇంతలో ఫోను. ఈ యంత్రాన్ని నడిపే వ్యవస్థ రాసినవాళ్ళు, సముద్రాల అవతల నుంచి. అమ్మా, మీ చెయ్యి తీసెయ్యండి, భూమి మీద ఇంత పెద్ద తగువు మేమెప్పుడూ చూడలేదు, మీరు వదిలేస్తే మేం కూర్చుని ఆలోచిస్తామన్నారు. రాసేటప్పుడు ఆలోచించాల్సిందన్నాను. నన్ను ముసలిదాన్నని అందరూ చెయ్యి తీసెయ్యమనేవాళ్ళే. తియ్యనన్నాను. తెర మీద ఇంతపొడుగు వరస వచ్చింది, వీటన్నిటినీ తీసేస్తాను, సమ్మతమేనా అని. అవునని నొక్కాను. అంతే, లిఫ్టు కదిలింది, విమానాలు దిగాయి, నీడలు సర్దుకున్నాయి. తగువు తీరిపోయింది. ఇప్పుడను, నాకు మతిమరుపా?"

కథ నడుస్తుండగానే లోపలికి వెళ్ళిన దర్జీ అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అత్తయ్యా, అందులో టైపు చేసేదీ లేదు, ప్రింటు తీసేదీ లేదు. బొమ్మలన్నీ పోయాయి. నల్లటి తెర, మూల ఒక గీత కొట్టుకుంటోంది."

వాచీలాయన టీ గ్లాసు కింద పెట్టాడు. అత్తయ్య తొణకలేదు.

"మరి నేనేమన్నాను? తగువు తీర్చానన్నాను. పోట్లాడుకునేవాళ్ళే లేకపోతే ఇంక తగువెక్కడిది?"

సెక్రటరీ నవ్వాపుకుని చెయ్యి చాపాడు. ఆ చేతిని ఆవిడ తోసేసింది. ఆ తోడికోడళ్ళిద్దర్నీ ఈ పూటే వెనక్కి పిలిపిస్తాను, చూస్తూ కూర్చోమంది.

"పిలిపించాలంటే పేర్లు టైపు చెయ్యాలి కదా పెద్దమ్మా," అన్నాడతను మెల్లగా. "ఒక్క అక్షరం తేడా వచ్చినా రాదని ఇదివరకు నువ్వే నాకు నేర్పావు. వాటి పేర్లేమిటి?"

అత్తయ్య నోరు తెరిచింది. దర్జీ అమ్మాయి వంక చూసింది, వాచీలాయన వంక చూసింది. పెదవులు ఏదో అక్షరం దగ్గర ఆగి, మళ్ళీ మూసుకున్నాయి. ఎవరూ నవ్వలేదు. సెక్రటరీ చాపిన చెయ్యి అలాగే ఉంది.

ఆవిడ లేచి నిలబడింది. తాళంచెవి ఉన్న పిడికిలి అతని ముఖం ముందు పెట్టింది.

"పేర్లు గుర్తుంటే ఎవడైనా పిలుస్తాడు," అని లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది.