అడిగిన ప్రశ్నకే జవాబు: శ్రీమతి కోటేశ్వరమ్మ గారి పదవీ విరమణ వేళ

2004వ సంవత్సరం ఆగస్టు పదహారో తేదీన, దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో సమీపాన ఒక మేడమీద రెండు గదుల్లో నడుస్తున్న మన సంస్థలో శ్రీమతి కోటేశ్వరమ్మ గారు ఉద్యోగంలో చేరారు. భర్త శ్రీ పట్టాభి గారితో తెనాలి నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడి, ఒక కోచింగ్ సెంటరులో కంప్యూటర్ పాఠాలు చెబుతూ వచ్చిన ఆమెకు, చెడిపోయిన డిస్కుల్లోంచి పెళ్లి ఫొటోలు వెలికితీసే మా పని చూసి మొదట నవ్వొచ్చిందట. పోయాయనుకున్న ఫొటోలు చూసి ఒక పెళ్లికూతురి తల్లి కళ్లనీళ్లు పెట్టుకున్నాక ఆ నవ్వు ఆగిపోయింది.

కాలక్రమేణా కార్యాలయ వివాదాలు, కోర్టు వ్యాజ్యాలు మన గడప తొక్కాయి. ఎవరు ఏ ఫైలు తుడిచేశారు, ఏ సందేశం ఎక్కడి నుంచి వెళ్లింది అన్నవి తేల్చే ఈ డిజిటల్ ఆధారాల పరిశీలనలో కోటేశ్వరమ్మ గారు ఒక ఆచారం నెలకొల్పారు. యంత్రం తెరవక ముందే, తేల్చవలసిన ప్రశ్నను ఒకే వాక్యంలో రాయించి, ఇరుపక్షాల చేతా సంతకాలు పెట్టించి, పైకి చదివి వినిపించేవారు. కక్షిదారులు విసుక్కునేవారు, మేమూ చాటున విసుక్కునేవాళ్లమే. ఎల్‌బీ నగర్ కోర్టులో ఆమె సాక్ష్యం నిలబడ్డ ప్రతిసారీ మా విసుగు కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది.

ఆ ఆచారం విలువ మా అందరికన్నా బాగా తెలిసినవారు ఆమె సహోద్యోగి శ్రీ మహిపాల్ గారు. ఇన్నాళ్లూ మనసులో ఉంచుకున్న ఈ సంగతిని మన సంస్థ పత్రిక ఈ సంచికలో రాయమని పట్టుబట్టింది ఆయనే.

2011లో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజుల్లో, మహిపాల్ గారు ఎల్‌బీ నగర్‌లో శ్రీరామమూర్తి గారనే కోస్తా వ్యాపారి నడిపే పైపుల కంపెనీలో గుమాస్తా. ఒక టెండరు ధరల పట్టిక కంపెనీ మెయిల్ నుంచే పోటీదారుకు చేరింది. ఆ మెయిల్ పాస్‌వర్డు యజమానికీ, మహిపాల్ గారికీ మాత్రమే తెలుసు. నల్లగొండ కుర్రవాడు, ఊరేగింపుల్లో ముందుండేవాడు. ఇంకేం కావాలి, అనుమానం సూటిగా ఆయన మీదికే వచ్చింది. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవచ్చు గానీ, దొంగ అన్న ముద్ర పడితే ఏ ఆఫీసు మెట్లెక్కనిస్తుందని ఆయనకు తిండి సహించలేదు. పైగా ఆ కంప్యూటర్లో ఆయన ‘ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలి’ అంటూ రాస్తారోకో కరపత్రాలు టైపు చేసి, ఆఫీసు ప్రింటరు మీదే తీశారు. పరిశీలనకు వచ్చినది తెనాలి ఆవిడ అని తెలిశాక ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది.

కోటేశ్వరమ్మ గారు ప్రశ్న ఎప్పటిలాగే రాయించారు: "ధరల పట్టికను మహిపాల్ పంపాడా?"

జవాబు తేలింది. ఆ మెయిల్ వెళ్లింది దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక నెట్ సెంటరు నుంచి. ఆ సమయంలో ఆఫీసులో కరెంటే లేదు, మహిపాల్ గారి కంప్యూటరు నడవనే లేదు. నెట్ సెంటరు పేరు వినగానే శ్రీరామమూర్తి గారి ముఖం చిన్నబోయింది. సమ్మె వల్ల కరెంటు కోతలు పెరిగి, జనరేటరున్న ఆ సెంటరుకు చుట్టుపక్కల ఆఫీసులన్నీ పరుగెత్తేవి, పోటీ కంపెనీతో సహా. ఆ రోజు స్వయంగా వెళ్లి, మెయిల్ మూయకుండా లేచి వచ్చినవారు ఆయనే! తెరిచి ఉన్న ఆ మెయిల్ నుంచే పోటీ కంపెనీవాళ్లు పట్టికను పంపుకున్నారన్నమాట.

అయినా ఆయన గొంతు తగ్గించి అడిగారు. "ఏవండీ, ఆ కుర్రాడి దాంట్లో ఇంకేవన్నా కనబడ్డాయా? మనమూ మనమూ ఒకటే కదా, చెప్పండి."

అడ్డుచెక్క అవతల నిలబడ్డ మహిపాల్ గారికి ఆ మాట స్పష్టంగా వినిపించింది.

"మీరు రాసిచ్చిన ప్రశ్నకి జవాబు అయిపోయిందండీ," అన్నారు కోటేశ్వరమ్మ గారు. "ఇంకోటి కావాలంటే ఇంకో ప్రశ్న రాయండి. కింద ఆ అబ్బాయి కూడా సంతకం పెట్టాలి."

ఆ రోజుల్లో ఆమె ఇంట్లోనూ హైదరాబాదులో ఉందామా, తెనాలి వెళ్లిపోదామా అన్న చర్చ నడుస్తోంది. ఆ కరపత్రాలు చదివి ఉంటే ఆమెకు ఎలా ఉండేదో మనం ఊహించుకోవచ్చు. మెట్ల దగ్గర మహిపాల్ గారు ఉండబట్టలేక అడిగేశారు.

"మేడం, గా కాగితాలు మీరు చూసిండ్రా?"

"ఏ కాగితాలు బాబూ? ముందెళ్లి భోంచెయ్, మొహం పీక్కుపోయింది."

మరుసటి ఏడాదే ఆయన మన సంస్థలో చేరి, ఆమె దగ్గరే పని నేర్చుకున్నారు. ఆ విషయం ఆమె మళ్లీ ఎత్తలేదు. ఆమె శిక్షణలో ఎదిగిన మేమందరం, మా పనికి మర్యాద నేర్పినందుకు ఆమెకు ఋణపడి ఉన్నాం.

పదవీ విరమణ చేసేవారి కంప్యూటరు పరిశీలించి అప్పగింత ముగించడం మన నియమం. గత వారం ఆ బాధ్యత మహిపాల్ గారిపై పడింది.

"అందులో దాచేదేముంది బాబూ, మొత్తం చూసేసుకో," అన్నారు ఆమె.

ఆయన తెల్లకాగితం ముందుకు జరిపారు. "గట్ల ఎట్ల చూస్త మేడం? మీరే నేర్పిండ్రు గద. ముందు ప్రశ్న రాయుండ్రి."

ఆమె నవ్వి, "ఆఫీసు ఫైళ్లన్నీ అందాయా?" అని రాశారు. ఇద్దరూ సంతకాలు చేశారు. ఆయన చూసి, "అందినవి" అని రాసి మూసేశారు. మధ్యలో ఏదో సొంత ఫోల్డరు కనబడిందట. దాని పేరైనా ఆయన మాకు చెప్పలేదు.

కోటేశ్వరమ్మ గారికి, పట్టాభి గారికి చక్కని ఆరోగ్యం, దీర్ఘమైన ఆయుష్షు కలగాలని మనసారా కోరుకుంటున్నాం. ఇన్నేళ్లు అడిగినదే చూసిన ఆ కళ్లు, ఇకమీదట ఎవరూ ఏ ప్రశ్నా రాసివ్వకుండానే, తమకు నచ్చినవన్నీ తనివితీరా చూడాలి.