మరణముల పేజీ

కెనడాలో ఓక్‌విల్. కృప ఇంట్లో భోజనాల బల్ల మీద, ఇంట్లోవాళ్ల పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు రాసుకునే కుటుంబ బైబిల్. ఎదురుగా ఆమె అన్న ఆనందపాల్, బ్రాంప్టన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు.

“ఫోటోలు పంపానుగా కృపా. మళ్లీ బైబిలే తెమ్మన్నావేంటి?”

“పుట్టుకల పేజీ, పెళ్లిళ్ల పేజీ పంపావు. మరణముల పేజీ పంపలేదు. మా అమ్మాయి ధాత్రి ఫ్యామిలీ ట్రీ చేస్తోంది, అన్నీ కావాలంది.”

“దాంట్లో ఏముంటుందే. తాత, నాయనమ్మ... వద్దు, తిప్పకు.”

“ఇక్కడ నా పేరుందేంటి?”

“ముందా పేజీ మూసెయ్యి.”

“జూన్ పద్నాలుగు. అది నా పెళ్లిరోజు అన్నయ్యా.”

“నాన్న రాశారే. ఆపుదామనే చూశాను.”

“నాన్నే రాశారా?”

“ఆయన రాతే. నా రాతా అలాగే ఉంటుందనుకో.”

“అంటే మన మతం కాని చక్రధర్‌ని చేసుకున్న రోజే నేను పోయానన్నమాట. ఫోన్ చేసినప్పుడల్లా నువ్వే ఎత్తేవాడివి. నాన్న మాట్లాడనంటున్నారు అనేవాడివి. అయినా ఇన్నేళ్లూ, ఎక్కడో ఓ మూల నన్ను క్షమించే ఉంటారనుకున్నా.”

“ఏడవకే. ఆయన మొండితనం నీకు తెలియనిదా. టీ తాగు.”

“మొదటి పేజీ తియ్యి.”

“ఎందుకు?”

“ధాత్రి చెప్పింది. బైబిల్లో ఇలా చేత్తో రాసినవి నమ్మాలంటే ముందు అది ఎప్పుడు అచ్చయిందో చూడాలట. ఇలా ఇవ్వు... రెండు వేల పన్నెండు.”

“అయితే?”

“నాన్న పోయింది తొమ్మిదిలో.”

“పాతది... పాతది చిరిగిపోతే దాన్ని చూసి ఎక్కించానే. అన్నీ ఉన్నదున్నట్టు.”

“ఇదీ ఉన్నదున్నట్టేనా?”

“అప్పుడే చర్చిలో నన్ను సంఘ పెద్దని చేశారు. మా అమ్మాయి హర్షిణికి సంబంధాలు చూస్తున్నాం. మీ చెల్లెలేదీ, ఎవర్ని చేసుకుందీ అని వచ్చినవాళ్లంతా అడిగేవాళ్లు. ఏం చెప్పను?”

“చచ్చిపోయిందని చెప్పావా?”

“ఒకసారి నోరు జారాను. ఇక రాయక తప్పలేదు. తేదీ ఏం వెయ్యాలో తోచక అదే వేశాను.”

“పాతది కావాలి నాకు. నాన్న ఏం రాశారో నా కళ్లతో చూడాలి. ఎక్కడుంది?”

“లేదు.”

“చిరిగినా పర్లేదు, పంపించమను.”

“లేదంటున్నాగా. అమ్మ సమాధి పెట్టెలో పెట్టేశాం.”

“అందులో ఎందుకు పెట్టారు?”

“అమ్మే పెట్టమంది. నాన్న నీ పెళ్లి తన చేత్తో రాసుకున్న పేజీ అందులో ఉందని.”