ఆరబెట్టని మిషన్

వంటింటి వెనక వరండాలో, ఉతికిన బట్టల్ని ఆరబెట్టి కూడా ఇస్తానని వచ్చిన వాషింగ్ మిషన్. దాని ముందు మఠం వేసుకుని బావమరిది, అతని నెత్తిమీద నిలబడి బావ, గుమ్మంలో గరిటెతో అక్క.

"చెయ్యి పెట్టి చూడు. పెట్టవోయ్, కాలదులే. అది ఆరిన చొక్కాయేనా?"

"తడిగానే ఉంది బావగారూ."

"ఒట్టి తడి కాదు, వేడి తడి. మామూలు తడైతే పిండి ఆరేసుకుంటాం. ఇది ఉడకబెట్టిన తడి. ఎనిమిది నెలల్నించీ మా ఇంట్లో బట్టలు ఉడుకుతున్నాయి తప్ప ఆరడం లేదు."

"వేడి వస్తోందంటే హీటరు బాగున్నట్టే. ఫ్యానూ తిరుగుతోంది. పోయినసారి రెండూ కొత్తవే వేశాను కదా."

"వేశావు. రోగం తగ్గదు, వైద్యుడు రావడం మానడు."

"ఏవండీ, వాడొచ్చి ఎంతసేపైంది, టీ చుక్కైనా తాగలేదు. ఒరేయ్, లే. మిషన్లంటే అంతే. దండెం ఉంది, క్లిప్పులున్నాయి, నేను ఆరేసుకుంటాను. రేపు షాపు ప్రారంభం పెట్టుకుని ఇవాళ ఇక్కడ కూర్చుంటావేంట్రా?"

"రేపు షాపు ఉంది కాబట్టే కూర్చున్నానక్కా."

"ఆ షాపు మాట నువ్వే ఎత్తావు కనక చెప్తున్నా బావమరిదీ. నేను రాను."

"బావగారూ..."

"రానంటే రాను. సొంత అక్కకిచ్చిన మిషనే బాగుచెయ్యలేనివాడు, ఊళ్ళోవాళ్ళ మిషన్లన్నీ బాగుచేస్తానని బోర్డు కట్టుకుంటే, దాని కింద నిలబడి నేను చప్పట్లు కొట్టాలా? మా అన్నయ్యావాళ్ళకి చెప్పేశాను. ప్రెస్సులో అందరికీ చెప్పాను. అడిగారు, చెప్పాను."

"అడక్కముందే చెప్పారటగా. మీ ప్రెస్సువాళ్ళు నాకు ఫోన్ చేసి, మిషన్‌కి ఎలా ఉందని పరామర్శించారు."

"ప్రూఫులు దిద్దేవాణ్ణోయ్ నేను. తప్పు కనిపిస్తే చుట్టూ ఎర్ర సున్నా చుట్టకుండా ఉండలేను. నా కన్ను దాటి ఇంతవరకు ఒక్క అచ్చుతప్పు బయటికి పోలేదు. తెలుసా?"

"తెలుసు బావగారూ. రేపు మీ చేత్తో షటరెత్తించాలని అక్క ఆశ. నాకూ అదే. నాన్న పోయాక మాకు పెద్దదిక్కు మీరే కదా."

"పెద్దదిక్కుకి ఇచ్చే మిషనా ఇది?"

"అందుకే ఇవాళ తేల్చేస్తానంటున్నా. సగం బట్టలే వేస్తున్నా, చూడండి. ఉతకడానికి నిండా వేసినా, ఆరబెట్టడానికి సగమే వెయ్యాలి. లేకపోతే లోపల గాలి ఆడదు. అక్కా, నువ్వూ సగమే వేస్తున్నావా?"

"సగమేరా. ఎప్పుడూ సగమే."

"అవునోయ్, మీ అక్క సగమే వేస్తుంది. ఆ విషయంలో దాన్ని అనడానికి లేదు."

"విన్నావా అక్కా? బావగారు నిన్ను మెచ్చుకుంటున్నారు."

"విన్నాను. అంతా మిషన్ పుణ్యం."

"ఏంటి గొణుగుతున్నావే?"

"ఏం లేదండీ. పొయ్యి మీద పాలున్నాయి."

"బావగారూ, ఆ పాతగుడ్డ ఇటివ్వండి. అడుగున ఫిల్టరు తీస్తున్నా, నీళ్ళు కారతాయి. ఆఁ, చూడండి ఏమేం ఉన్నాయో. గుండీ. పిన్నీసు. ఎర్ర పెన్ను మూత."

"అది నా పెన్ను మూతే. ఎన్నాళ్ళనించి వెతుకుతున్నాను దానికోసం. చూశావా, మింగి కూర్చుంది. పనిదొంగే అనుకున్నా, ఒట్టి దొంగ కూడా."

"మీ చొక్కా జేబులో ఉంటే వచ్చింది బావగారూ."

"జేబులో ఉన్నంతమాత్రాన మింగెయ్యమని ఎవడు చెప్పాడు దానికి?"

"మిషన్‌కేం తెలుస్తుంది బావగారూ... సరే, మూసేస్తున్నా. చిన్న ప్రోగ్రాం పెడతాను. ఉతుకుతుంది, పిండుతుంది, ఆరబెడుతుంది. మొదలుపెట్టానంటే చివరిదాకా కదలను. అరే, లైటెవరార్పారు?"

"నేనే. పట్టపగలు లైటెందుకు?"

"వెనకాల స్క్రూలు కనపడద్దా?"

"స్క్రూలు కనపడకపోవడం లైటు తప్పు కాదోయ్."

"ఆయన అంతేరా. లైట్లు, ఫ్యాన్లు, గ్యాసు, అన్నీ తిరిగి తిరిగి కట్టేస్తే గానీ గుమ్మం దాటరు. ఈ ఇంట్లో ఆయన కట్టెయ్యంది నా నోరొక్కటే."

"కట్టెయ్యకుండా వదిలేశారా అక్కా?"

"కట్టెయ్యాల్సిన పని పడలేదులే. నువ్వు తిరుగుతున్నదాన్ని చూడు."

"చూస్తున్నా. చప్పుడు బాగుంది. ఊగడం లేదు. నీళ్ళు తీసుకుంటోంది, వదుల్తోంది. బావగారూ, మీరే చెప్పండి, ఉతకడంలో ఏమైనా వంక ఉందా?"

"ఉతకడంలో వంకుంటే ఈపాటికి నువ్వే వచ్చి ఉతికేవాడివి."

"అదీ నిజమే. ఇదిగో, గిరగిరా తిరగడం ఆగింది. పిండటం అయిపోయింది. ఇక ఆరబెట్టడమే."

"అయిపోయిందా? ఒక్క నిమిషం, చేతులు కడుక్కొస్తా."

"ఇప్పుడే కదక్కా బావగారు చేతులు కడుక్కున్నారు?"

"నీకెందుకురా ఆయన చేతుల సంగతి? టీ తాగు. చల్లారిపోతోంది."

"వచ్చేశానోయ్. ఏమంటోంది నీ మిషన్?"

"అద్దం మీద చెయ్యి పెట్టండి బావగారూ. వేడెక్కింది."

"వేడికేం లోటు? మాటల్లో నువ్వు, అద్దంలో అది. ఉండు, ఫోను. హలో. ఆఁ, చెప్పు. ఏ పేజీ? రెండో పేరాలోనా? అలా ఎలా పోతుంది? ఉండు, ఇక్కడ సరిగ్గా వినపడటం లేదు, ముందుగదిలోకి వెళ్తున్నా..."

"అక్కా, ఇలా రా. వెనక ఈ నీళ్ళ పైపు పట్టుకో. మెత్తగా ఉందా?"

"ఉంటుందేమోరా. నాకేం తెలుసు?"

"బిగిసి ఉండాలి. నీళ్ళు రావడం లేదు దీంట్లోకి."

"ఆరబెట్టేటప్పుడు నీళ్ళతో పనేంట్రా?"

"కొన్నరోజే చెప్పాను కదా. దీనికి ఆవిరి బయటికి పోయే గొట్టం లేదు. బట్టల్లోంచి లేచిన ఆవిరి లోపలే చల్లనీళ్ళకి తగిలి, నీళ్ళుగా మారి, కిందికి పోవాలి. ఆ చల్లనీళ్ళు లేకపోతే ఆవిరి ఎక్కడికి పోతుంది? తిరిగి తిరిగి బట్టలకే పడుతుంది. దీని కుళాయి బాత్రూంలో కదా?"

"అటెళ్ళకు. నేల తడిగా ఉంది, జారతావు."

"అక్కా, తప్పుకో."

"జారతావురా."

"కట్టేసి ఉంది."

"మెల్లగా మాట్లాడు."

"బిగించి కట్టేసి ఉందక్కా. పొద్దున నేనే తెరిచాను దీన్ని. ఇదిగో, మళ్ళీ తెరిచాను. చూడు, పైపు ఎలా బిగిసిందో. అంటే ఇందాక చేతులు కడుక్కొస్తానని వెళ్ళి బావగారే..."

"మెల్లగా అన్నానా?"

"నేను వచ్చినప్పుడల్లా ఆయన ప్రెస్సులో ఉండేవారు. మిషన్ శుభ్రంగా ఆరబెట్టేది. నేను గుమ్మం దాటితే పాడయ్యేది. ఇదేం మాయరోగమో అని హీటరు మార్చాను, ఫ్యాను మార్చాను. చివరికి నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. నిన్ను అడిగానా లేదా, ఆరేటప్పుడు కుళాయి తెరిచే ఉంటోందా అని?"

"అడిగావు."

"ఏమన్నావు?"

"తెరిచే ఉంటోందన్నాను."

"అంటే నీకు తెలుసు."

"మొదటివారమే తెలుసురా. పిండటం ఆగిన చప్పుడు వినపడగానే లేచి వెళ్ళి కట్టేస్తారు. ఉతికేశాక ఇంకా నీళ్ళెందుకని. ఆయన లెక్కలో అది పొదుపు."

"మరి ఆ మాట ఆయనతో అనడానికేం?"

"అందామనే వెళ్ళాను. అప్పటికే మిషన్‌ని తిడుతున్నారు. తిట్టి తిట్టి అలిసిపోయి, వచ్చి అన్నానికి కూర్చున్నారు. ఆవేళ కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయానురా. ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?"

"తినేసి లేచారు. మర్నాడూ అంతే. చెప్పులు వంకరగా విడిచానని అనలేదు. తలుపు చప్పుడైందని అనలేదు. పగలంతా ప్రెస్సులో తప్పులు పట్టి, పెన్నులో మిగిలిన సిరా ఇంటికి తెచ్చి నామీద గీసేవారురా, పెళ్ళైన దగ్గర్నుంచీ. నవ్వితే ఎందుకు నవ్వావంటారు, నవ్వకపోతే ఆ మొహమేంటంటారు. తాగరు, కొట్టరు. ఎవరితో చెప్పుకున్నా, అదీ ఒక కష్టమేనా అని నాకే చీవాట్లు."

"నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు."

"ఏమని చెప్పను? ఆయనకి పూటకో తప్పు కావాలి. నువ్విచ్చిన మిషన్ పూటపూటా ఒకటి చేసిపెడుతోంది. నా దాకా రావడం లేదు."

"నా పేరు పోయిందక్కా. చుట్టాల్లో పోయింది, ఊళ్ళో పోయింది. రేపు షాపు తెరిస్తే ఎవరొస్తారు?"

"తెలుసు. నీ పేరెత్తి తిడుతుంటే ఏడుపొస్తుంది. లేచి వెళ్ళి నిజం చెప్పేద్దామనుకుంటాను. మళ్ళీ కూర్చుండిపోతాను. సిగ్గులేకుండా హాయిగా ఉంటుందిరా ఆ కాసేపూ. పుట్టింటినుంచి నాకు ఎన్నో వచ్చాయి. నా బదులు తిట్లు తినడానికి వచ్చింది మాత్రం ఇదొక్కటే."

"నన్నేం చెయ్యమంటావు మరి?"

"నిజం చెప్పు. నేను అడ్డురాను, నీ అన్నం సంగతి అది. ఆయన కుళాయి కట్టెయ్యడం మానేస్తారు, బట్టలు ఆరతాయి, రేపొచ్చి షటరెత్తుతారు. సాయంత్రం ఇంటికొచ్చి..."

"వచ్చి?"

"పెన్ను మూత చూసుకోకుండా చొక్కా మిషన్‌లో ఎందుకు పడేశావని అడుగుతారు. లే, వస్తున్నారు."

"ఏమోయ్, తేలిందా? నేను ఒక్కపూట లేకపోతే చాలు, ఆ ప్రెస్సులో పేరా మధ్యలో పేరా అచ్చేస్తారు. ఊఁ, ఆపు దాన్ని. తలుపు తియ్యి. చొక్కా ఎలా ఉంది?"

"తడి."

"సరిగ్గా చెప్పు."

"వేడి తడి బావగారూ."

"మరి? కారణమేంటి? నీళ్ళు నములుతావేం?"

"కారణం... మిషన్‌లోనే ఉంది బావగారూ."

"మిషన్‌లోనేనా?"

"మిషన్‌లోనే. పుట్టుకతో వచ్చిన లోపం. ఎవరు చూసినా బాగుపడదు. నేనే చూసుకోకుండా అంటగట్టాను."

"విన్నావుటే? ఇన్నాళ్ళూ చెవినిల్లు కట్టుకుని పోరాను. ఇవాళ వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు. ఆ కళ్ళు తుడుచుకోవడమేంటి?"

"తాలింపు ఘాటండీ."

"కావాలంటే ఇది పట్టుకుపోయి వేరేది పంపిస్తాను బావగారూ."

"వద్దు వద్దు. కొత్తదానితో మళ్ళీ మొదటినుంచీ ఎవడు వేగుతాడు? దీని గుణం నాకు తెలుసు, నా గుణం దీనికి తెలుసు. ఉండనీ."

"మీ ఇష్టం."

"ఒక్కటి చెప్తానోయ్. తప్పు ఒప్పుకున్నావు చూడు, అది నాకు నచ్చింది. మా ప్రెస్సులో ఒక్కడు ఒప్పుకోడు. అలాంటివాడి షాపుకి రాకపోతే నాది తప్పవుతుంది. రేపు వస్తాను. షటరెత్తుతాను. నలుగురి ముందూ నాలుగు మాటలు కూడా చెప్తాను."

"ఏం చెప్తారు బావగారూ?"

"ఇతను ఇచ్చిన మిషన్ ఎలాంటిదైనా, మనిషి మాత్రం అబద్ధమాడడు అని చెప్తాను."

"చాలు బావగారూ. అదే చాలు."

"ఉండుండు. బాత్రూంలో ఆ నీళ్ళ చుక్కల చప్పుడేంటి? ఆగు, చూసొస్తా... ఏమే, మిషన్ కుళాయి బార్లా తెరిచి పెట్టావా? బట్టలు పిండేశాక కట్టెయ్యాలని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? చెప్పింది చెవికెక్కదా నీకు? ఒక్క పని, ఒక్కటంటే ఒక్క పని తిన్నగా..."

"అక్కనేమీ అనకండి బావగారూ. ఆ కుళాయి తెరిచింది నేను. తప్పుకోండి, నేనే కట్టేస్తాను."