పీతల దారికి కట్టిన బోర్డు

సింగారమ్మని ఒకావిడ ఉండేదండీ, మడ అడవి ఒడ్డు పల్లెలో. మొగుడు లేడు, పడవ లేదు. సముద్రం పాటు పట్టి నీళ్లు వెనక్కెళ్లగానే బురదలోకి దిగి, కన్నాల్లో చెయ్యి పెట్టి పీతలు పట్టేది. అవి అమ్మితేనే ఆ పూట అన్నం. అలా ఉండగా ఏమైందంటే, పట్నం నించి చక్రధరం గారని ఒక పెద్దమనిషి లారీడు మడ మొక్కలేసుకుని వచ్చేడంట. ఈ మొక్కలు పెరిగితే లోకంలో పొగంతా మింగేస్తాయి, భూమి చల్లబడిపోద్ది అన్నాడంట. మంచిదే కదండీ, ఎవరు కాదంటారు? ఆయన మొక్కలు నాటించేసి, బురద చుట్టూ కంచె కట్టించి, "లోనికి రాకూడదు" అని తలుపంత చెక్క బోర్డు పెట్టించేడు. సింగారమ్మ వెళ్లి, బాబుగారూ, నా పీతల దారి అదే కదా, నేనెటు పోనూ అందంట. చూడమ్మా, భూగోళం మండిపోతోంది, మనమందరం కాస్త త్యాగం చెయ్యాలి అన్నాడాయన. "మనమందరం అంటే ఇక్కడ నేనొక్కదాన్నే కనపడతన్నాను బాబూ. నా పొయ్యి ఆరిపోతే భూగోళం చల్లబడిపోద్దా?" అందంట. ఆయన ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. రాసుకుని వెళ్లిపోయేడు.

అమావాస్య పోటొచ్చింది, మొక్కలన్నీ ఎత్తుకుపోయింది. మళ్లీ నాటేరు, పున్నమి పోటు ఎత్తుకుపోయింది. మళ్లీ నాటేరు. సముద్రానికి విసుగు లేదు, వాళ్లకీ లేదు. సింగారమ్మ మాత్రం గంజి తాగి కంచె బయట కూచుందనుకోండి. మూడోసారీ పోయాక, ఇదేంటో తేల్చేస్తానని చక్రధరం గారు బూట్లతో బురదలోకి దిగేడంట. బురదలో నిలబడిపోకూడదండీ, నిలబడితే లోపలికి లాగేస్తది. ఆ సంగతి ఆయన పుస్తకంలో లేదు. తొడల దాకా దిగిపోయేడు. పోటు మొదలైంది. "సింగారమ్మా! రామ్మా, లాగమ్మా!" అని కేక. ఈవిడ కంచె దగ్గర నిలబడి, "బోర్డు మీద ఏం రాసుంది బాబూ?" అందంట. "లోనికి రాకూడదని." "మరెలా రానూ?" నీళ్లు నడుం దాకా వచ్చేయి. "రావచ్చమ్మా! ఎవరైనా రావచ్చు!" "ఇవాళేనా, రోజూనా?" "రోజూ! కంచె పీకించేస్తా తల్లీ!" అప్పుడు ఆ బోర్డే ఊడబెరికి, బురద మీద పరిచి, దానిమీద బోర్లా పడుకుని పాక్కుంటా వెళ్లి లాగిందంట. మనిషొచ్చేడు. బూట్లు బురదకే ఉండిపోయాయి.

ఒడ్డున కూచోబెట్టి అప్పుడు చెప్పింది. "మీ తొడ దిగిన చోట మొక్క నిలబడదు బాబూ. నా చీలమండ దాకా దిగే చోట నాటండి, పీతల దారి వదిలి. అడిగుంటే మొదటి రోజే చెప్పేదాన్ని." కంచె పీకించేడు, మాట తప్పలేదు. ఆవిడ నడిచి చూపించిన చోటల్లా నాటేరు. బతికేయి. తర్వాత దొరలెవరో చూడ్డానికొస్తే, ఈ చోటు ఉపగ్రహం చూపించిందని చక్రధరం గారు చెప్పేడంట. ఆ ఉపగ్రహం పక్కనే చీర ఎగ్గట్టుకుని చీలమండ లోతులో పీతలు పడతంది. బోర్డు ఏమైందంటారా? వాకిట్లో వేసుకుని దానిమీద చేపలు ఎండబెడతంది. రాత పైకే ఉంచింది, కాకులు చదువుకుంటాయని. అవీ లెక్కచెయ్యలేదంట.