ఎండలో మాగిన నీళ్ళు

విశాఖకి దక్షిణాన ఒక జాలరిపేట. మధ్యాహ్నం. పేట పెద్ద కన్నబాబు పాక నీడలో వల కుట్టుకుంటున్నాడు. నూతినీళ్ళ మీద పరిశోధన చేస్తున్న దీనా అతని ఎదురుగా కూర్చుంది.

"గట్టిగా మాటాడకమ్మా. ఆడోళ్ళు ఇంటారు."

"వింటే మంచిదే కదా బాబాయ్. రోజూ ఆ నూతినీళ్ళు తాగేది వాళ్ళే."

"తాగతన్నారు, తాగతన్నారు. పేటంతా తాగతంది. ఏటి, నూతిలో ఏదైనా పడి సచ్చిందా? బ్లీచింగ్ ఏయించీత్తాను."

"బ్లీచింగుకి పోయేది కాదు. సీసం ఉంది. బేటరీల్లో వాడే సీసం."

"సముద్రం పక్కన నుయ్యమ్మా. ఉప్పో, ఇనుమో, ఏదో ఒకటుంటాది. ఇదివరకు ఉప్పునీళ్ళు తాగి మేం బతకలేదా?"

"ఇప్పుడు ఉప్పు లేదు. నాకు ముందు అనుమానం వచ్చింది అక్కడే. రెండేళ్ళ కిందట అడుగంటిపోయిన నుయ్యి, మొన్న మే నెల్లో కూడా నిండుగా ఉంది. ఆ నీళ్ళు ఎక్కడివి?"

"గంగాలమ్మ దయ. పండగ సేసినాం, అమ్మోరు సల్లగా సూసింది. పేటలో ఎవుల్నైనా అడుగు."

"అడిగాను. అందరూ అదే మాట. కన్నబాబు చెప్పాడు అన్నారు."

"నాను సెప్పడమేటి, కళ్ళెదురుగా నీళ్ళు కనిపిత్తంటే."

"అవి వాననీళ్ళు కావు బాబాయ్."

"మరేటి, సముద్రంవా?"

"అవీ కావు. చూడండి, నీళ్ళలో తేలికవి ఉంటాయి, బరువువి ఉంటాయి. ఎండకి తేలికవి ముందు ఎగిరిపోతాయి. బరువువి మిగిలిపోతాయి. ల్యాబులో ఐసోటోపు పరీక్ష చేస్తే ఆ తేడా కనపడిపోద్ది. వాన ఇంకి నూతిలోకొస్తే ఒకలా ఉంటాది. మీ నూతినీళ్ళు అలా లేవు. నెలల తరబడి ఎండలో మాగి, అప్పుడు వచ్చాయి. ఏదో చెరువులోంచి."

"ఇక్కడ సెరువెక్కడుందమ్మా?"

"కొండ వెనకాల ఉంది కదా. పాత బేటరీలు కరిగించే ఫ్యాక్టరీ వాళ్ళ మురుగుచెరువు."

"అక్కడికి నిన్నెవులు ఎల్లనిచ్చినారు?"

"లోపలికి వెళ్ళనివ్వలేదు. గట్టు బయట ఊటలోంచి పట్టుకున్నాను. నూతినీళ్ళూ అవీ ఒకటే. బాబాయ్, వానాకాలం, చెరువుగట్టు. ఒక కప్ప అరవలేదు. ఒక కొంగ లేదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"ఏటీ లేదు. ఎండలో వచ్చినావు. టీ తాగతావేటి?"

"వద్దు. పోయిన నెల పేటలో ఇరవై రెండు మంది దగ్గర జుట్టు తీసుకున్నాను, గుర్తుందా?"

"ఆఁ. సిక్కుజుట్టు అమ్ముకుంటాదేటే ఈ మేడమ్ అని ఆడోళ్ళు ఒకటే నవ్వు."

"తాగిన నీళ్ళ గుర్తు జుట్టులో పడతాది. జుట్టు నెలకో సెంటీమీటరు పెరుగుద్ది. అంగుళం ఉంటే చాలు, రెండు నెలలుగా ఏ నీళ్ళు తాగారో తెలిసిపోద్ది. పేటందరి జుట్టులోనూ ఆ చెరువే ఉంది. అంగన్‌వాడీ పిల్లల జుట్టులో కూడా. నాగబాబు కొడుక్కి ఆ కడుపునొప్పి ఎందుకో, శ్రీసత్య వాళ్ళ పాప నాలుగేళ్ళొచ్చినా ఎందుకు మాటాడదో, డాక్టరుకి ఇప్పుడు అర్థమౌతంది."

"కొందరు గుంటలకి మాటలు ఆలీసంగా వస్తాయి. నాకే నాలుగో ఏడు దాటీదాకా..."

"ఒక్కరి జుట్టులో మాత్రం లేదు."

"ఏటి?"

"ఇరవై రెండు మందిలో ఒక్కరికి. ఆ జుట్టులో మామూలు బోరునీళ్ళే ఉన్నాయి. వ్యానులో తెచ్చి అమ్మే డబ్బా నీళ్ళు."

"ఎవులో సుట్టాలింటికి ఎల్లుంటారు."

"అది మీ జుట్టు బాబాయ్."

"నాకు కిడ్నీలో రాళ్ళు. డబ్బా నీళ్ళు తాగమన్నాడు డాక్టరు."

"ఏ డాక్టరు?"

"గాజువాకలో. పేరు గుర్తులేదు."

"ఎప్పుడు చెప్పాడు?"

"గుర్తులేదంటన్నాను కదా మేడమ్."

"పోనీ, డబ్బా నీళ్ళు ఎప్పట్నించి తాగతన్నారు? అది గుర్తుంటాది కదా."

"రెండేళ్ళు."

"నుయ్యి నిండిందీ రెండేళ్ళ కిందటే."

"ఫ్యాక్టరీవోళ్ళు వడగట్టిన నీళ్ళన్నారు. ఇసకలో వడగట్టి గొట్టంలో వదుల్తాం, నూతెనకాల గోతిలో ఇంకుతాయి, ఇంక మీకు ఎండాకాలం బాధుండదన్నారు. పేట తరపున నాను సంతకం ఎట్టినాను. ముసిలోళ్ళు కూడా బిందెలట్టుకుని ట్యాంకరు ఎనక పరిగెట్టీవోరమ్మా. పడి మోకాళ్ళు కొట్టుకుపోయీవి. నువ్వు సూళ్ళేదు అదంతా."

"మరి అమ్మోరి దయ అని ఎందుకు చెప్పారు?"

"ఫ్యాక్టరీ నీళ్ళంటే ఎవులు తాగుతారు?"

"మీరు తాగలేదు."

"ముందు తాగినాను. వారం తిరక్కుండా అక్కడి వాచ్‌మేన్ నన్ను పక్కకి పిలిసినాడు. మీ ఇంట్లో మాత్రం ఆ నీళ్ళు ముట్టనీకు, నా ఉజ్జోగం పోయినా సరే సెప్తన్నాను అన్నాడు. అప్పటికి పేటంతా నూతికి పసుపు రాసి దండలేసీసింది. నా మెళ్ళో కూడా ఏసినారు. ఇంకెలగ సెప్పాలి? రేపు సెప్తాను, రేపు సెప్తాను అనుకున్నాను."

"సాయంత్రం పేటని పిలుస్తాను. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"రెండు నెల్లు ఆగమ్మా."

"ఆగడానికి ఏముంది బాబాయ్? ఇప్పుడే ఎవరో ఒకరు బిందె ముంచుతా ఉంటారు."

"నీ కాళ్ళట్టుకుంటాను, దీనమ్మా. మా దుర్గ ఇంట్లో ఉంది. అల్లుడు బోటు మీద ఎల్లిపోతాడని మూడో నెల్లోనే తెచ్చీసుకున్నాను. ఇప్పుడు ఏడో నెల. ఈ సంగతి తెలిస్తే పేట ఊరుకోదు, మా ఇల్లు తగలెట్టీత్తారు. కడుపుతో ఉన్న గుంట ఎక్కడికి పరిగెడతాది? దాన్ని పురుడు పోసుకోనీ. బిడ్డ బయటపడ్డాక నానే నూతికాడ నిలబడి సెప్తాను. నన్ను ఏం సేసుకున్నా సరే."

"దుర్గ ఏ నీళ్ళు తాగతందో..."

"డబ్బా నీళ్ళే. నా సేతుల్తో తెచ్చి కుండలో పోత్తన్నాను. అది నూతికాడికే ఎల్లదు."

"దుర్గ కూడా జుట్టిచ్చింది బాబాయ్."

"ఇస్తే? సూసే ఉంటావు కదా, అదీ బోరునీళ్ళే... ఉండు. ఒక్కరిదే అన్నావు ఇందాక."

"ఒక్కరిదే. పొద్దున్న తనని అడిగాను. వేవిళ్ళప్పుడు డబ్బా నీళ్ళు వాసనేస్తంటే, అప్పట్నించీ మీ అమ్మ పోతమ్మగారు రోజూ నూతిలోంచి చెంబుడు తెచ్చి తాగిస్తన్నారంట. గంగాలమ్మ నీళ్ళు, కడుపులో బిడ్డకి మంచిదని."