మా మరియక్క పాటల క్యాసెట్టు

"తాతా, ఈ క్యాసెట్టు మీద ఫొటోల ఉన్నామె ఎవరు?"

ఎవరంటవేంది పిల్లా! మా మరియక్క. నా సొంత అక్క, మీ నాయనకు మేనత్త. ఆ పెద్ద కొప్పు చూసినవా... ఆమెది కాదులే, ఫొటో కోసమని సవరం పెట్టిచ్చిండ్రు.

మాది జూలూరుపాడు అవతల, అడివి అంచున పల్లె గదా. చర్చిల పాటల పుస్తకం చూసి సదివేటోళ్ళు పాస్టరు అయ్యగారు, ఇంకో ఇద్దరు, అంతే. అందుకని అక్క ఒక లైను ఎత్తుకొని ఆగేది, మేమంత అదే లైను అందుకునేటోళ్ళం. డోలక్ నాది. అక్క రాని ఆదివారం ఎవరికీ పాట నోటికి రాకపోయేది, నిజం చెప్తున్న.

మీ నాయన ఏడో తరగతిల ఉన్నడు... కాదు కాదు, ఎనిమిది. అప్పుడు అక్క గొంతుల గడ్డ లేసింది. ఖమ్మం దవాఖానాల డాక్టరు, ఆపరేషన్ చెయ్యాలె, తర్వాత గొంతు రాదమ్మా అని మొకం మీదనే చెప్పిండు. అక్క ఏడ్వలే. "మరి పాట ఎవరు ఎత్తుతర్రా తమ్ముడూ?" అన్నది. గదే ఆమె రంది. అయ్యగారు ఆలోచన చేసి, ఆపరేషన్ కంటె ముందే క్యాసెట్టు చేపిద్దాం అన్నడు.

బెజవాడ పోయినం. రైల్ల మధిర దాటినా అక్క ఒక్క మాట మాట్లాడలే, గొంతు దాచుకుంటున్న అని సైగ చేసింది. స్టూడియో అంటే ఏందో అనుకున్న, గోడలకు గోనెపట్టాలు కొట్టిన సిన్న గది. అక్క ఒక లైను పాడి ఆగింది. ఇంకో లైను పాడింది, మళ్ళ ఆగింది. రికార్డింగాయన అద్దం అవతల నుంచి, "ఏంటమ్మా, మధ్యమధ్యలో ఆగిపోతున్నారు?" అన్నడు. అక్కేమో, "మావోళ్ళు అందుకోవద్దా సారూ?" అన్నది. ఆడున్నోళ్ళంత పక్కున నవ్విండ్రు. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క బయటికి పోయినంక, ఆ ఖాళీలన్నీ తీసెయ్యండి సార్ అని చెప్పిన. అవ్, నేనే చెప్పిన. ఆయన టేపు కోసి కోసి అతికిచ్చిండు.

ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది.

క్యాసెట్టు వచ్చిన ఆదివారం చర్చిల టేపురికార్డరు పెట్టినం. అక్క గొంతు ఇని ఆడోళ్ళు కొంగులతోని కండ్లు తుడుసుకున్నరు. గని అందుకుందామంటే సందేది? ఒక లైను నోట్లకొచ్చే లోపే ఇంకోటి. ఒక్కొక్కళ్ళే నోరు మూసుకున్నరు. చర్చి చర్చంత రేడియో ఇన్నట్టు ఊకనే కూసున్నది. అక్క నా దిక్కు చూసి ఏందిది అన్నట్టు చెయ్యి తిప్పింది. "స్టూడియోవాళ్ళ పని అక్కా" అన్న. దేవుని ఇంట్ల అబద్ధమాడిన బిడ్డా.

అక్క లేసింది. పోయి టేపురికార్డరు పక్కన కూసొని మళ్ళ మొదటికి తిప్పిచ్చింది. ఒక లైను అయితనే టక్కున బటను నొక్కి ఆపి, చెయ్యి పైకి లేపింది. అందరు అందుకున్నరు! మళ్ళ నొక్కింది, మళ్ళ లైను. నేను తల ఎత్తకుంట డోలక్ కొట్టిన.

గట్ల పదకొండేండ్లు, చనిపోయే ముందటి ఆదివారం దాక, పాట అక్కనే ఎత్తింది. నేను పక్కనే కూసున్న. ఆ ఖాళీలు నేనే తీపిచ్చిన అక్కా అని ఒక్కనాడన్న నోరు తెరిసి చెప్పలేకపోయిన. ఆమెకు తెలుసేమో... ఏమో మరి.

నువ్వు సల్లగుండాలె తల్లీ. ఎవరో నవ్విండ్రని మనోళ్ళను చూసి సిగ్గుపడే రోజు నీకు రావద్దు.